మా కొట్టుకొచ్చే ‘ఒరిజినల్ రవివర్మలు’

విశాఖ పూర్ణామార్కెట్ దగ్గర మాది పటాలు కట్టే కొట్టు, నాన్న హయాం నుంచీ ఇదే పని. నెలకొకరైనా పాత చీరలో చుట్టిన దేవుడి పటం తెచ్చి, గొంతు తగ్గించి, “రవివర్మ ఒరిజినలండీ, తాతగారి నాటిది. ఎంతొస్తుంది?” అంటారు. చెప్పి చెప్పి నోరు నొచ్చింది, ఈసారి రాసి పెడుతున్నా.

అపోహ: తడిమితే గరుకుగా ఉంది, మెరుస్తోంది, సంతకం కూడా ఉంది. కాబట్టి ఆయిల్ పెయింటింగే.

వాస్తవం: మీరలా అనుకోవాలనే అలా చేశారు. అది ఓలియోగ్రాఫ్, అంటే రాతి అచ్చు బొమ్మ. అచ్చయ్యాక కాన్వాసు నేతలా కనబడేట్టు కాయితాన్ని నొక్కి, పైన వార్నిష్ పూసేవారు. సంతకమూ అచ్చులోదే. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టారు, మిషన్లు జర్మనీవి. 1899లో అది లోనావ్లా దగ్గరి మళవలికి మారింది. తరవాత కొద్ది ఏళ్లకే అక్కడి జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైకర్ కొనుక్కున్నాడు. రవివర్మ 1906లో పోయారు, ప్రెస్సు మాత్రం ఆగలేదు. ఆయన పేరున్న ప్రతి బొమ్మనీ ఆయన చూసి ఉంటారనుకోవడం కూడా పొరపాటే.

ఆ రాతి అచ్చు పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బవేరియా సున్నపురాయి మీద జిడ్డు సిరాతో గీస్తారు. రాయి తడిపితే జిడ్డున్న చోటే రంగు అంటుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. లక్ష్మీదేవి బుగ్గకి ఎంత ఎరుపు, ఎంత పసుపు కావాలో కంటితోనే విడగొట్టుకుని, పదికి పైగా రాళ్ల మీద విడివిడిగా చుక్కలు పెట్టాలి. కాయితం వెంట్రుకవాసి జరిగితే పెదవి రంగు గడ్డం మీదికి జారుతుంది.

అందుకే బల్ల మీద భూతద్దం పెట్టుకుంటాను. చుక్కలు ఆవాలు చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటే రాతి అచ్చు. ముగ్గు చుక్కల్లా వరసగా ఉంటే ఫొటో తీసి చేసిన బ్లాకు అచ్చో, ఆఫ్‌సెట్ అచ్చో. ఇది మీరూ ఇంట్లో చూసుకోవచ్చు, నాకు డబ్బులివ్వక్కర్లేదు.

అపోహ: క్యాలెండర్ బొమ్మలు శివకాశిలో పుట్టాయి.

వాస్తవం: శివకాశి ఆలస్యంగా వచ్చింది. అంతకుముందే మాంచెస్టర్ గుడ్డల తానుల మీద, పరదేశపు అగ్గిపెట్టెల మీద మన దేవుళ్ల లేబుళ్లుండేవి. గ్రైప్ వాటర్ కంపెనీ బాలకృష్ణుడితో క్యాలెండర్ వేసింది. సరుకు అమ్ముడుపోడానికి ఊరికే పంచిన బొమ్మకి మనవాళ్లు పసుపు, కుంకుమ పెట్టి పూజ చేశారు! క్యాలెండర్ దేవుళ్ల బొమ్మలు వేసిన, తమిళనాడు కోవిల్‌పట్టిలో స్థిరపడ్డ కొండయ్యరాజు (1898–1976) నాటకాలకి తెరలు రాసినవాడే. ఆ తరహా బొమ్మల్లో దేవుడి వెనక స్తంభాలు, తోట, కొలను చూసినప్పుడల్లా నాకు సురభి వాళ్ల తెర లేచినట్టే ఉంటుంది.

అపోహ: బొమ్మలో అమ్మవారి చీరకి చమ్కీలు, జరీ కుట్టేశారు కాబట్టి పాడైపోయింది.

కాదు. అప్పట్లో అదో ముచ్చట. పీకకండి.

అపోహ: కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే కళ వస్తుంది.

వస్తుంది, వారం రోజులు. ఆ తరవాత నూనె దుమ్ముని పట్టుకుని నల్లబడుతుంది. తడిగుడ్డ ఇంకా ప్రమాదం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పోయాక మా కొట్టు నిండా నానిన పటాలే. అద్దానికి అంటుకున్న బొమ్మని ఇంట్లోనే లాగేసి కొందరు తెచ్చారు. అమ్మవారి ముఖం అద్దం మీద, ఒళ్లు కాయితం మీద! అంటుకుంటే అద్దంతో సహా తీసుకురండి. ఈ ఊళ్లో ఉప్పుగాలి, చెమ్మ ఉన్నంతకాలం బొమ్మ అద్దానికి ఆనకూడదు, మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ అట్ట అంచు, వెయ్యాల్సిందే. గోడకి కూడా కాస్త ఎడం ఉండాలి.

అపోహ: కింద ప్రెస్సు పేరు లేదు కాబట్టి నకిలీ.

దీనికి తప్పు మాదే. ప్రెస్సు పేరు, ఊరి పేరు కింది మార్జిన్లోనే ఉండేవి. ఉన్న ఫ్రేములో పట్టించాలని పటాలు కట్టేవాళ్లు ఆ మార్జిన్ కోసేసేవారు. మా నాన్నా అంతే. అయితే ఆయన దేన్నీ పారేసేవాడు కాదు. కోసిన ముక్కని మడిచి, బొమ్మ కదలకుండా వెనక అట్టకి దన్నుగా పెట్టేవాడు. పాత పటం ఎక్కడ విప్పించినా మీరు దగ్గరే నిలబడండి, ఆ అట్ట చెత్తబుట్టలోకి పోనివ్వకండి.