పాత బ్రిటిష్ జీటీలో దూర ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

మాది బెజవాడ. ఆటోనగర్‌లో మా బాబాయి షెడ్డులో అంబాసిడర్ల కింద పడుకుని పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పాత బ్రిటిష్ కార్లు బాగుచేస్తుంటాను. నా చేతికి ఎక్కువగా వచ్చేది ఎంజీబీ జీటీ. 1965లో వచ్చిన బండి. పైకప్పు తీర్చిదిద్దింది ఇటలీ పినిన్‌ఫరీనా వాళ్లు. 1980లో అబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడేదాకా తయారైంది. దీని 1798 సీసీ ఇంజన్, మన పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్ ఒకే కుటుంబం, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ-సిరీస్. ఇక్కడ మొదటిసారి బానెట్ ఎత్తినప్పుడు, పరాయి ఊళ్లో మేనత్త కొడుకు ఎదురైనట్టనిపించింది.

ఈమధ్య ఇక్కడి మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కూడా ఈ బళ్లు కొంటున్నారు. 40 ఏళ్లు దాటిన బండికి రోడ్డు పన్ను ఉండదు, లండన్ కాలుష్య చార్జీ ఉండదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కొన్న వారానికే ఫోన్: "అన్నా, దీన్నేసుకుని స్విట్జర్లాండ్ వెళ్లొచ్చా?" వెళ్లొచ్చు. అయితే ఆ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం ఎవరో చెబితే విన్నవి. అవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ముసలి బండి, వంద మైళ్లు దాటితే చేతులెత్తేస్తుంది.

జీటీ అంటేనే గ్రాండ్ టూరింగ్, దూరం పోవడానికి కట్టిన బండి. 1961 మార్చిలో జెనీవా షోలో జాగ్వార్ ఈ-టైప్‌కి జనం ఎగబడితే, ఇంకో కారు కావాలని కబురొచ్చింది. టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ కోవెంట్రీ నుంచి రాత్రికి రాత్రి దాన్ని నడుపుకుంటూ తీసుకెళ్లాడు. ట్రక్కులో ఎక్కించలేదు. ఎంజీబీ సంగతికొస్తే, 1966లో జర్మనీ నూర్‌బుర్గ్‌రింగ్‌లో 84 గంటల మారథాన్ డి లా రూట్ పోటీ గెలిచింది.

"అవి అప్పటికి కొత్త బళ్లు కదా" అంటారు. నిజమే. కానీ నేను చూసినంతలో ఈ కార్లను చంపేది దూరం కాదు, షెడ్డు. రెండు మైళ్లు పోయి సూపర్‌మార్కెట్ నుంచి తిరిగొచ్చే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, అందులో చేరిన తేమ ఆవిరవదు. సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. బ్రేక్ పిస్టన్లు పట్టేస్తాయి. గొట్టాలు ఎండి పగుళ్లిస్తాయి. పట్టు ముసుగేసి పెళ్లికూతురిలా కూర్చోబెట్టిన బండిని ఆల్ప్స్‌కి తీసుకెళ్తానంటే నాకు టెన్షన్. ఏడాది పొడవునా ఆఫీసుకెళ్లే బండిని తీసుకెళ్తానంటే ఆయిల్, బ్రేకులు, గొట్టాలు చూసి తాళాలు ఇచ్చేస్తాను.

అపోహ: బయల్దేరే ముందు పార్టులన్నీ కొత్తవి వేస్తే నిశ్చింత.

దీని మీద ఎంత రాసినా తక్కువే, ఎందుకంటే నేనే దెబ్బతిన్నాను.

ఇక్కడికొచ్చిన కొత్తలో నా సొంత బండితో ఫ్రాన్స్ బయల్దేరాను. జాగ్రత్తపరుణ్ని కదా, ముందు రోజు సాయంత్రం, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో కొత్త రోటర్ ఆర్మ్, కొత్త కండెన్సర్ వేశాను. అక్కడ రాన్స్ అనే ఊరు దాటాక హైవే మీద ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోయింది. దగ్గలేదు, తుమ్మలేదు, చెప్పకుండా ఆగిపోయింది. అలా ఆగితే నూటికి తొంభై పాళ్లు కరెంటు లోపమే. పెట్రోలు లోపమైతే కాసేపు గునిసి ఆగుతుంది. గార్డ్‌రైలు అవతల నిలబడి ఆలోచించి, గ్లోవ్‌బాక్స్‌లో పారేయకుండా దాచిన పాత రోటర్ ఆర్మ్ బిగించాను. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది.

కారణం చెబుతాను. రోటర్ ఆర్మ్ మీద ఒక ఇత్తడి రేకు ఉంటుంది. నాసిరకం కొత్త వాటిలో ఆ రేకును పట్టుకునే రివెట్ లోపలి షాఫ్టుకి మరీ దగ్గరగా వస్తుంది. వేల వోల్టుల కరెంటు ప్లగ్గుకి పోకుండా మధ్యలో ఉన్న ప్లాస్టిక్‌ని పొడుచుకుని షాఫ్టులోకి దిగిపోతుంది. కంటికి ఏమీ కనపడదు. అందుకే రివెట్ లేకుండా చేసిన ఎర్ర రోటర్ ఆర్మ్‌లు వచ్చాయి, నేను అవే వాడతాను. కొత్త కండెన్సర్లదీ ఇదే కథ. వేడెక్కాక చచ్చిపోతాయి, చల్లారాక మళ్లీ లేచి కూర్చుంటాయి, మనల్ని పిచ్చివాళ్లను చేస్తాయి.

కాబట్టి ప్రయాణానికి ముందు వారం ఏ పార్టూ మార్చొద్దు. మార్చాలంటే నెల ముందే మార్చండి, 300 మైళ్లు తిరగండి, తీసిన పాతది బాగానే ఉంటే బ్యాగులో వేసుకోండి. ఆ బ్యాగులో నేను పెట్టుకునేవి: డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్ ఆర్మ్, పాయింట్లు, కండెన్సర్, కాయిల్, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు, ఫ్యూజులు, బల్బులు, కొంత వైరు, ఇన్సులేషన్ టేపు. ఇంజన్ ఆయిల్ ఒక లీటరు. కార్బ్యురేటర్ల పైన ఆయిల్ ఉండే గిన్నెల్లో (డ్యాష్‌పాట్లు) తగ్గితే అదే ఆయిల్ రెండు చుక్కలు.

ఇంకొకటి, స్క్రూడ్రైవర్. దాని పిడి ముఖ్యం. ఎస్‌యూ కంపెనీ కరెంటు పెట్రోలు పంపు వెనక కుడి చక్రం దగ్గర కింద ఉంటుంది. తాళం తిప్పగానే టిక్ టిక్ మనాలి. అనకపోతే లోపలి పాయింట్లు పట్టేసినట్టు. పిడితో నాలుగు తట్టండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, యాభై ఏళ్లుగా అందరూ చేస్తున్నదే. ఇంటికొచ్చాక మాత్రం పంపు మార్చండి.

అపోహ: లూకస్ వైరింగ్ అంటే చీకట్లో దిక్కులేని చావే.

ఈ బళ్లకు కరెంటు సామాను చేసిన కంపెనీ లూకస్‌ని "చీకటి రాజు" అని ఇక్కడ ఎగతాళి చేస్తారు. లూకస్ టీవీఎస్ సెల్ఫ్ మోటార్లు, డైనమోలు విప్పి బిగిస్తూ పెరిగినవాణ్ని, నాకు ఆ జోకు అంతగా రుచించదు. నేను చూసే లోపాల్లో ఎక్కువ భాగం లూకస్ పార్టులవి కావు, ఎర్తువి. బాడీకి బిగించిన ఎర్త్ కనెక్షన్ కింద తుప్పు, బుల్లెట్ కనెక్టర్లలో పచ్చటి చిలుము. ఒక ఆదివారం కూర్చుని అన్నీ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, కొంచెం వ్యాజిలీన్ రాసి బిగిస్తే సగం దయ్యాలు వదులుతాయి.

రెండు విషయాల్లో మాత్రం నిజంగా జాగ్రత్త కావాలి. ఒకటి, హెడ్‌లైట్లకు కంపెనీ ఫ్యూజు పెట్టలేదు, ఆ కరెంటంతా స్విచ్ గుండానే పోతుంది. రిలేలు, ఫ్యూజులు పెట్టించుకుంటే స్విచ్ కాలదు, వెలుతురూ పెరుగుతుంది. రెండు, 1967 చివరి దాకా వచ్చిన బళ్లు పాజిటివ్ ఎర్త్. అంటే బ్యాటరీ ప్లస్సు బాడీకి కలిపి ఉంటుంది. అందులో ఇప్పటి ఫోన్ చార్జర్ గుచ్చితే చార్జర్‌తో పాటు ఫోనూ పోవచ్చు, వైర్లూ కాలొచ్చు. ఆ బళ్లలో ఉండేది డైనమో, గరిష్ఠంగా 22 ఆంపియర్లు ఇస్తుంది, ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. రాత్రి వానలో లైట్లు, వైపర్లు, హీటర్ ఫ్యాన్ అన్నీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే తింటున్నది బ్యాటరీనే. ఆ తర్వాతి బళ్లలో ఆల్టర్నేటర్ ఉంది, కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు.

అపోహ: థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది.

థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు. దీని గురించి మన దగ్గర నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ అడుగుతారు. మా బాబాయి కూడా ప్రతి అంబాసిడర్‌లో మొదట పీకేసేది దాన్నే. బెజవాడ మే నెలలో ఆయన బాధ ఆయనది, నేను తప్పుపట్టను. కానీ ఇక్కడ ఆ పని చేస్తే ఇంజన్ సరిగా వేడెక్కక, పెట్రోలు ఎక్కువ తాగి, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. ఎండాకాలం ప్రయాణానికి 82 డిగ్రీల దగ్గర తెరుచుకునేది చాలు. మరీ వేడి దేశాలకు 74 డిగ్రీలది దొరుకుతుంది. వేడెక్కే బండికి అసలు జబ్బు సాధారణంగా రేడియేటర్ అడుగున పేరుకున్న మడ్డి, లేదంటే ఇగ్నిషన్ టైమింగ్ తేడా.

ఆల్ప్స్‌లో, ఇటలీలోని స్టెల్వియో కనుమ ఎత్తు 2,757 మీటర్లు. ప్రాటో వైపు నుంచి ఎక్కితే 48 మెలికలు. పైకెళ్లేసరికి పలచటి గాలికి ఇంజన్ బలం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, అది రోగం కాదు. వేడి చూపే ముల్లు పైకి పోతుంటే హీటర్ పూర్తిగా తిప్పి, అద్దాలు దించండి. హీటర్ కూడా చిన్న రేడియేటరే. చెమటలు కారతాయి, ఇంజన్ బతుకుతుంది.

అసలు అవస్థ ఎక్కేటప్పుడు కాదు, ఆపాక. ఈ ఇంజన్‌లో కార్బ్యురేటర్లూ, పొగ గొట్టం మానిఫోల్డూ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. బండి ఆపగానే గాలి ఆగి, ఆ సెగకి కార్బ్యురేటర్లలో పెట్రోలు మరుగుతుంది. కాఫీ తాగి పది నిమిషాలకొచ్చి సెల్ఫ్ కొడితే మొరాయిస్తుంది. ఆపగానే బానెట్ ఎత్తి పెట్టండి. స్టార్ట్ చేసేటప్పుడు చోక్ లాగకండి, యాక్సిలరేటర్ సగం నొక్కి పట్టి తిప్పండి. కనుమ దిగేటప్పుడు మూడో గేరులో ఇంజన్‌తోనే బండిని పట్టండి. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటినదైతే వరుస మెలికల్లో మరిగి పెడల్ నేలకంటుతుంది. ఇది నవ్వుకునే విషయం కాదు.

అపోహ: సీసం లేని పెట్రోలుతో ఇంజన్ పాడవుతుంది.

పాత భయం. బ్రిటన్‌లో 2000 జనవరి 1 నుంచి బంకుల్లో సీసం పెట్రోలు మామూలుగా అమ్మడం ఆపేశారు. అది లేకపోతే ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు అరుగుతాయన్నది నిజమే, కానీ గంటల తరబడి వేగంగా తోలితేనే ఆ అరుగుదల తెలుస్తుంది. చాలా ఇంజన్లకు ఇప్పటికే గట్టి సీట్లు వేసేశారు. మీదానికి వేశారో లేదో తెలియకపోతే, ప్రయాణానికి ముందూ తర్వాతా వాల్వు గ్యాప్ కొలవండి. చల్లటి ఇంజన్‌లో 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 15) ఉండాలి. ప్రతిసారీ తగ్గుతుంటే సీటు అరుగుతున్నట్టు.

ఇప్పుడు భయపడాల్సింది సీసం లేనందుకు కాదు, ఇథనాల్ ఉన్నందుకు. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది. కారే చోటు వేడి మానిఫోల్డుకి జానెడు దూరం. గొట్టాలన్నీ ఆర్9 రకానికి మార్చి, అందుబాటులో అగ్నిమాపక సిలిండర్ పెట్టుకోండి. సూపర్ పెట్రోలు పోయించండి, ఫ్రాన్స్‌లో ఎస్‌పీ98 అడగండి.

అపోహ: టైరు మీద గీత ఉంటే చాలు. చాలదు. ఏడాదికి వెయ్యి మైళ్లు తిరిగే బండికి గీత అరగదు, రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పదేళ్లు దాటితే గీత ఎంతున్నా నేను బయటికి పంపను.

అపోహ: ఎంఓటీ మినహాయింపు ఉంది కాబట్టి తనిఖీ అక్కర్లేదు. ఎంఓటీ అంటే ఇక్కడ ఏటా చేయించాల్సిన బండి తనిఖీ. 2018 మే నుంచి, 40 ఏళ్లు దాటి పెద్ద మార్పులు చేయని బళ్లకు పరీక్ష తప్పనిసరి కాదు. బండి రోడ్డుకు తగినట్టు ఉంచే బాధ్యత మాత్రం పోలేదు. నేను ఏటా చేయిస్తాను. నా పనిని ఇంకొకడు తప్పుపట్టడం నాకే మంచిది.

అపోహ: నాలుగు గేర్లతో హైవే మీద నరకం. ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) లేని బండైతే ఒప్పుకుంటాను. 70 మైళ్ల వేగంలో ఇంజన్ నిమిషానికి 3,900 చుట్ల దాకా తిరుగుతూ చెవులు గింగురుమంటాయి. లేకాక్ ఓవర్‌డ్రైవ్ మీట నొక్కితే అదే వేగంలో 3,200 దగ్గరికి దిగుతుంది. కొనేటప్పుడు రంగు కాదు, ఆ మీట పనిచేస్తుందో లేదో చూడండి.

అపోహ: వెనక సీటుంది కాబట్టి పిల్లలతో వెళ్లొచ్చు. మొదటి నుంచీ సీటు బెల్టుల్లేని పాత బండిలో మూడేళ్ల లోపు పిల్లల్ని ఎక్కించకూడదని ఇక్కడి చట్టం. ఆపై వయసు పిల్లలు వెనకే కూర్చోవాలి. ఎంజీబీ జీటీ వెనక సీటులో నాలుగో తరగతి పిల్లాడు కూడా గంటకు మించి కూర్చోలేడు. మా బండిలో ఆ సీటు రైస్ కుక్కర్‌ది, టిఫిన్ క్యారియర్‌ది. పెరుగన్నం మాత్రం కట్టుకోకండి, బ్రిటన్ నుంచి యూరప్‌లోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు. పులిహోరకు ఆ బెడద లేదు.