ఒకే ఆటగాడు, రెండు జెర్సీలు: కోలమ్ కూపర్ కెరీర్ వెనకున్న క్లబ్–కౌంటీ పంచాయితీ

2014 ఫిబ్రవరిలో ఐర్లాండ్ దేశీయ ఆట గేలిక్ ఫుట్‌బాల్‌లో ఆల్-ఐర్లాండ్ క్లబ్ సెమీఫైనల్ (దేశంలోని క్లబ్బుల టోర్నీ) ఆడుతూ కోలమ్ కూపర్ మోకాలి క్రూసియేట్ లిగమెంట్ తెగింది. మోకాలి చిప్ప కూడా పగిలింది. ఆ రోజు అతడు ఆడుతున్నది కిల్లార్నీలోని తన సొంత క్లబ్ డాక్టర్ క్రోక్స్‌కు. దెబ్బ మాత్రం కెర్రీ కౌంటీ (మన జిల్లా లాంటిది) జట్టుకూ తగిలింది. ఆ సెప్టెంబరులో కెర్రీ 2-9, 0-12 తేడాతో డొనెగల్‌ను ఓడించి కౌంటీల ఆల్-ఐర్లాండ్ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు వాళ్ల అత్యుత్తమ ఫార్వర్డ్ మైదానంలో లేడు. గేలిక్ ఫుట్‌బాల్‌లో ఏళ్ల తరబడి నలిగిన క్లబ్–కౌంటీ తగాదా అర్థం కావాలంటే ఈ ఒక్క మోకాలి వెనక ఉన్న క్యాలెండర్‌ను చూస్తే చాలు.

ఈ ఆటలో జట్టుకు 15 మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు గానీ నాలుగు అడుగులు వేసేలోపు నేలకు కొట్టి పట్టాలి, లేదా కాలి మీదకు వదిలి మళ్లీ చేతుల్లోకి తన్నుకోవాలి. వరసగా రెండుసార్లు నేలకు కొట్టకూడదు. హెచ్ ఆకారపు గోల్‌పోస్టులో అడ్డకర్ర కింద నెట్‌లోకి వెళ్తే గోల్, దానికి మూడు పాయింట్లు. పైనుంచి వెళ్తే ఒక పాయింటు. 2025 నుంచి 40 మీటర్ల గీత బయటినుంచి తన్ని పైకి పంపితే రెండు. పైన చెప్పిన 2-9 అంటే రెండు గోల్స్, తొమ్మిది పాయింట్లు, మొత్తం 15.

ఆటగాళ్లకు జీతం లేదు, వేలంపాట లేదు. పుట్టిన ఊరో, ఉంటున్న ఊరో ఏ క్లబ్ పరిధిలో ఉంటే దానికే ఆడతారు. క్లబ్ మారడం అరుదు. క్లబ్బుల్లో మెరిసినవాళ్లను కౌంటీ సెలెక్టర్లు ఎంచుకుంటారు. కౌంటీకి ఎంపికైనంత మాత్రాన క్లబ్ బాధ్యత తీరదు. ఒకే మనిషి ఒకే ఏడాదిలో రెండు జట్లకూ జవాబుదారీ. కూపర్ వారమంతా బ్యాంకులో ఉద్యోగం చేస్తూనే ఈ రెండూ మోశాడు.

ఈ ముడి మొదట్లోనే పడింది. ఈ ఆటను నడిపే సంఘం గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలో పుట్టింది. తొలి ఛాంపియన్‌షిప్ అయిన 1887 పోటీ ఫైనల్ 1888 ఏప్రిల్‌లో గానీ జరగలేదు. అందులో లిమరిక్ కమర్షియల్స్ అనే క్లబ్ డండాక్ యంగ్ ఐర్లాండ్స్ అనే క్లబ్‌ను ఓడించింది. అంటే మొదట్లో కౌంటీ జట్టు అంటూ వేరే లేదు. కౌంటీలో గెలిచిన క్లబ్బే కౌంటీ. మిగతా క్లబ్బుల ఆటగాళ్లను కూడా తీసుకోవచ్చని 1892లో అనుమతించాక నెమ్మదిగా ఇప్పటి కౌంటీ జట్టు తయారైంది. కౌంటీ అనేది క్లబ్బుల మీద కట్టిన అంతస్తు. ఈ సంగతి మరిచి కౌంటీని పైనున్న యజమానిగా చూసిన ప్రతిసారీ గొడవ మొదలైంది.

కెర్రీలో ఆ పాత ఆనవాలు ఇంకా బతికే ఉంది. అంతకుముందు ఏడాది కౌంటీలోని క్లబ్బుల పోటీలో ఛాంపియన్ అయిన జట్టే కౌంటీ కెప్టెన్‌ను ప్రతిపాదిస్తుంది. 2010లో డాక్టర్ క్రోక్స్ గెలిచింది కాబట్టే 2011లో కూపర్ కెప్టెన్. ఆ ఏడాది ఆల్-ఐర్లాండ్ ఫైనల్ చివరి నిమిషాల్లో డబ్లిన్ గోల్‌కీపర్ స్టీఫెన్ క్లక్స్‌టన్ తన్నిన ఫ్రీ కిక్‌తో కెర్రీ 1-11, 1-12 తేడాతో ఒకే ఒక్క పాయింటుతో ఓడింది. 2014లో కప్పు ఎత్తిన ఫియన్ ఫిట్జెరాల్డ్, కీరన్ ఓలీరీ కూడా క్రోక్స్ వాళ్లే, ఉమ్మడి కెప్టెన్లు. క్లబ్ గెలుపు కౌంటీ గౌరవంగా మారే ఈ పద్ధతి మంచిదే. ఫామ్‌లో లేని ఆటగాడు కెప్టెన్ అయితే జట్టు ఎంపికలో మేనేజర్ చేతులు కట్టేసినట్టవుతుందన్న ఫిర్యాదూ న్యాయమైనదే.

అసలు చిక్కు తేదీల్లో ఉంది. పాత పద్ధతిలో కౌంటీల మధ్య లీగ్ ఏడాది మొదట్లో, కౌంటీల మధ్య ఛాంపియన్‌షిప్ మే నుంచి సెప్టెంబరు దాకా. ఆ నెలల్లో కౌంటీ ఆటగాళ్లు దొరకరు కాబట్టి క్లబ్ మ్యాచ్‌లు వాయిదా పడేవి. కౌంటీకి ఎంపిక కాని మిగతావాళ్లు, అంటే ఆటగాళ్లలో అత్యధికులు, తమ తర్వాతి మ్యాచ్ ఎప్పుడో తెలియక పెళ్లిళ్లూ సెలవులూ ఖరారు చేసుకోలేకపోయేవారు. కౌంటీ జట్టు ఓడిపోగానే నిలిచిన మ్యాచ్‌లన్నీ శరదృతువులోకి కుక్కేవారు. తర్వాత కౌంటీ విజేత క్లబ్బుల మధ్య జరిగే ప్రావిన్స్ (కొన్ని కౌంటీలు కలిసిన ప్రాంతం) పోటీ చలికాలంలోకి వెళ్లేది. ఆల్-ఐర్లాండ్ క్లబ్ సెమీఫైనల్ ఫిబ్రవరిలో, ఫైనల్ మార్చి 17న సెయింట్ పాట్రిక్ పండుగ రోజున. అప్పటికే కౌంటీ లీగ్ సగం గడిచేది.

కూపర్‌కు ఇది ఎలా పడిందో చూడండి. క్రోక్స్ 2010 నుంచి 2013 దాకా వరసగా నాలుగుసార్లు కెర్రీ టైటిల్ గెలిచింది. 2012 ఫిబ్రవరిలో క్రాస్‌మగ్లెన్ చేతిలో, 2013లో బాలీమన్ కికమ్స్ చేతిలో, 2014లో కాసిల్‌బార్ మిచెల్స్ చేతిలో క్లబ్ సెమీఫైనల్‌లోనే ఓడింది. మూడు చలికాలాలు శిక్షణ, బురద మైదానాలు, చేతికందని ఫైనల్. వేసవి వస్తే మళ్లీ కెర్రీ. ఒళ్లు కోలుకునే వ్యవధే లేదు. క్రూసియేట్ లిగమెంట్ గాయాలు సాధారణంగా పాదం నేలలో పాతుకుని ఒళ్లు మాత్రం తిరిగినప్పుడు జరుగుతాయి. ఫలానా గాయానికి క్యాలెండరే కారణమని రుజువు చేయడం కష్టం. కానీ అలసిన కాలు ఆలస్యంగా స్పందిస్తుందని కోచ్‌లందరికీ తెలుసు.

కౌంటీలో అతడి లెక్క అసాధారణం. 2002లో వచ్చిన ఏడాదే ఆల్-స్టార్ అవార్డు (ఏడాదిలో ఉత్తమ ఆటగాళ్లకు ఇచ్చేది), మొత్తం ఎనిమిది. 2004, 2006, 2007, 2009లలో ఆల్-ఐర్లాండ్ ఫైనల్ గెలిచిన జట్లలో ఆడాడు. ఛాంపియన్‌షిప్‌లో 23-283, అంటే 352 పాయింట్లు. ఆ రికార్డును 2019లో మేయో ఆటగాడు కిలియన్ ఓకానర్ దాటాడు. వేగంలో అతన్ని మించినవాళ్లు ఉన్నారు. రెండు కాళ్లతోనూ కొట్టడం, డిఫెండర్ కదలకముందే ఖాళీ ఎక్కడ తెరుచుకుంటుందో పసిగట్టడం అతని బలం. 2013 సెమీఫైనల్‌లో డబ్లిన్ మీద సెంటర్ ఫార్వర్డ్‌గా అతడిచ్చిన పాస్‌లు కెర్రీ గోల్స్‌కు దారి వేశాయి, కెర్రీ ఓడినా సరే.

గాయం తర్వాత 2015లో తిరిగొచ్చాడు. ఆ ఏడాది ఫైనల్‌లో డబ్లిన్ చేతిలో ఓటమి. 2017 మార్చి 17న క్లబ్ ఫైనల్‌లో క్రోక్స్ 1-9, 0-7 తేడాతో స్లాట్‌నీల్‌ను ఓడించింది. ఒక్క గోల్ కూపర్‌దే. అంతకుముందు 2007లో క్లబ్ ఫైనల్ రీప్లేలో ఓడినవాడికి ఇది ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. మరుసటి నెలలో కౌంటీకి వీడ్కోలు చెప్పి, క్లబ్‌లో కొనసాగాడు. ఆ అక్టోబరులో అతని గౌరవార్థం డబ్లిన్‌లో 500 యూరోల టికెట్‌తో విందు ఏర్పాటు చేస్తే అమెచ్యూర్ ఆటలో ఇదేమిటని దుమారం రేగింది. పదిహేనేళ్లు స్టేడియాలు నింపిన మనిషికి ఒక రాత్రి కాస్త డబ్బు దక్కితే తప్పేమిటన్న పక్షమే నాకు బలమైనదిగా కనిపిస్తుంది.

క్యాలెండర్ మార్పు కూపర్‌కు అందలేదు. 2018లో ఏప్రిల్‌ను క్లబ్బులకు వదిలి చూశారు. చాలా కౌంటీల్లో మేనేజర్లు ఆటగాళ్లను వదలకపోవడంతో అది సగంలోనే నీరుగారింది. 2021లో స్ప్లిట్ సీజన్ వచ్చింది: ఏడాది మొదటి సగం కౌంటీది, రెండో సగం క్లబ్‌ది. 2022 నుంచి ఆల్-ఐర్లాండ్ ఫైనల్ జులైలోనే ముగుస్తోంది. క్లబ్ ఆటగాడికి ఇప్పుడు తన మ్యాచ్ తేదీ ముందే తెలుసు. ఆగస్టు, సెప్టెంబరుల్లో పెద్ద మ్యాచ్‌లు లేక ఆట జనం కళ్లముందు నుంచి తప్పుకుంటోందన్న విమర్శ మాత్రం మిగిలింది.

చిక్కు పూర్తిగా పోలేదు కూడా. 2024లో క్రోక్స్ మళ్లీ కెర్రీ టైటిల్, కెర్రీ ఉన్న మన్‌స్టర్ ప్రావిన్స్ టైటిల్ గెలిచి, 2025 జనవరిలో క్లబ్ సెమీఫైనల్‌లో ఎరిగల్ కియరన్ చేతిలో ఓడింది. క్రోక్స్ ఆటగాడు గావిన్ వైట్ ఆ జులైలో కెర్రీ కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు. క్లబ్ ఫైనల్ జనవరి రెండో సగంలో, కౌంటీ లీగ్ జనవరి ఆఖరులో. పైదాకా వెళ్లే కొద్ది క్లబ్బుల ఆటగాళ్లకు నడుమ విరామం ఇప్పటికీ వారం పది రోజులే.