ట్రయల్‌లో చేరమన్నారా? కాగితం మీద సంతకానికి ముందు కొన్ని అపోహలు, వాస్తవాలు

“కొత్త మందు మీద ట్రయల్ నడుస్తోంది, చేరతారా?” అని పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగిన రోజు ఇంట్లో రెండు రకాల మాటలు వినపడతాయి. “మనుషుల మీద ప్రయోగాలా, వద్దే వద్దు” అని ఒకరు. “ఖరీదైన మందు ఊరికే ఇస్తుంటే వదులుకుంటారా” అని ఇంకొకరు. రెండూ తప్పే. మా దృష్టిలో రెండోదే ఎక్కువ చేటు. దాన్ని నమ్మినవాళ్లు కాగితాలు చదవరు.

అపోహ: కొత్త మందు కాబట్టి పాతదానికన్నా మంచిదే అయ్యుంటుంది

అది ముందే తెలిసుంటే ట్రయల్ పెట్టే పనే లేదు. 2020లో కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ల ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కోసం వాట్సాప్ గ్రూపుల్లో ఎంత వెతుకులాట జరిగిందో అందరికీ గుర్తే. ప్లాస్మా దొరికితే మనిషి దక్కినట్టే అనుకున్నారు. అదే ఏడాది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో 464 మందితో ట్రయల్ చేసి చూసింది. జబ్బు ముదిరినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి ప్లాస్మా ఎక్కించిన గ్రూపులో 19 శాతం, ఎక్కించని గ్రూపులో 18 శాతం. 2021 మే నెలలో ప్లాస్మాను కోవిడ్ చికిత్స మార్గదర్శకాల్లోంచి తీసేశారు. బ్రిటన్‌లో కోవిడ్ రోగుల మీద జరిగిన రికవరీ ట్రయల్‌లో మొదట గెలిచింది కొత్త మందు కాదు, డెక్సామెథాసోన్ అనే చవక పాత స్టెరాయిడ్. వెంటిలేటర్ మీదున్నవాళ్ల మరణాలను అది దాదాపు మూడో వంతు తగ్గించింది.

అంతకన్నా భయపెట్టే ఉదాహరణ 1989 నాటిది. గుండెపోటు వచ్చినవాళ్లలో గుండె లయ తప్పకుండా ఇచ్చే మందులను అమెరికాలో పరీక్షించారు. ఈసీజీ చక్కబడింది. మనుషులు మాత్రం డమ్మీ (మందు లేని ఉత్తుత్తి) బిళ్ల వేసుకున్నవాళ్లకన్నా ఎక్కువ మంది చనిపోయారు. ట్రయల్‌ను మధ్యలో ఆపేశారు. ఈసీజీ చూసి మురిసిపోయి అదే మందు రాస్తూపోయుంటే ఆ సంగతి బయటపడేదే కాదు.

అపోహ: సగం మందికి ఉత్తుత్తి బిళ్లలిచ్చి గాలికి వదిలేస్తారు

ఎవరికి ఏ మందు వెళ్లాలో కంప్యూటర్ చీటీ తీసినట్టు తేలుస్తుంది, డాక్టరు సిఫార్సు చెల్లదు. అంతవరకు నిజం. కానీ జబ్బుకు నిరూపితమైన చికిత్స ఉన్నప్పుడు దాన్ని ఎగ్గొట్టి డమ్మీ మందు ఇవ్వడం మామూలుగా ఒప్పుకోరు. ఎక్కువ ట్రయల్స్‌లో ఇద్దరికీ ఇప్పుడు నడుస్తున్న చికిత్స ఇచ్చి, దానికి తోడుగా ఒకరికి కొత్త మందు, ఒకరికి డమ్మీ ఇస్తారు. లేదా కొత్త మందును పాత మందుతోనే పోలుస్తారు. పంపకం ఎప్పుడూ సగం సగమే అని కూడా లేదు. హైదరాబాద్‌లో తయారయ్యే రొటావ్యాక్ టీకా ట్రయల్‌లో 6,799 మంది పసిపిల్లలు ఉంటే, ప్రతి ముగ్గురిలో ఇద్దరికి టీకా, ఒకరికి డమ్మీ వెళ్లాయి.

మీరు వేసుకునేది ఏదో మీకూ డాక్టరుకూ తెలియని ట్రయల్స్‌లో, ప్రాణం మీదికి వస్తే కోడ్ విప్పి అది ఏ మందో చెప్పే ఏర్పాటు ఉంటుంది. ట్రయల్ కార్డు మీద ఒక ఫోన్ నంబరు రాసి ఇస్తారు. దాన్ని ఆధార్ కార్డుతో పాటు జేబులో పెట్టుకోండి. వేరే ఆసుపత్రి ఎమర్జెన్సీలో పడితే అక్కడి డ్యూటీ డాక్టరుకు ముందు కావలసింది అదే.

అపోహ: ఏదైనా జరిగితే అడిగే నాథుడుండడు

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకాలు వేసినప్పుడు చాలా అంగీకార పత్రాల మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్నాక కొందరు బాలికలు చనిపోయారు; ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణలో తేలినా, అంగీకారం తీసుకున్న తీరును ఎవరూ సమర్థించలేకపోయారు.

ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. ట్రయల్‌లో ఉండగా ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, అది రోడ్డు ప్రమాదమైనా సరే, డాక్టరు 24 గంటల్లో ఔషధ నియంత్రణ సంస్థకు, కంపెనీకి, ట్రయల్ న్యాయంగా నడుస్తోందో లేదో చూసే ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. గాయం ట్రయల్‌కు సంబంధించినది కాదని తేలేదాకా వైద్యం ఉచితం. సంబంధం ఉందని తేలితే పరిహారం వేరే.

దాని లెక్క ఇది. మరణమైతే 8 లక్షల మూలధనాన్ని వయసును బట్టి ఉండే అంకెతోను, జబ్బు తీవ్రతను బట్టి 0.5 నుంచి 4 దాకా ఉండే అంకెతోను హెచ్చవేసి 99.37తో భాగిస్తారు. 50 ఏళ్లవారికి వయసు అంకె 153.09. ఒక మోస్తరు ప్రమాదమున్న జబ్బయితే రెండో అంకె 2. మొత్తం దాదాపు 24.65 లక్షలు. పూర్తి ఆరోగ్యవంతులకు ఆ రెండో అంకె 4. ఆరు నెలలకు మించి బతకరనుకున్న రోగులకు 0.5. మందు పనిచేయనంత మాత్రాన మాత్రం పరిహారం రాదు. నిరూపితమైన చికిత్స అందుబాటులో ఉండి కూడా ఇవ్వకపోతే వస్తుంది.

మరి బెడిసికొట్టేది ఎక్కడ? చాలాసార్లు మన ఊళ్లోనే. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు, మోకాళ్ల నొప్పులకు పసరు మందు తాగుతారు, పక్క పట్నంలో రెండు రోజులు అడ్మిట్ అయి వచ్చేస్తారు. ట్రయల్ వాళ్లకు నెల తర్వాత విజిట్‌లో చెబుతారు. అప్పటికి ఏ మందు వల్ల కాలేయం దెబ్బతిన్నదో తేల్చడం కష్టం, ఫైలు అక్కడే నలుగుతుంది. ఏ బిళ్ల వేసుకున్నా, పారాసెటమాల్ అయినా, పేరూ తేదీ డైరీలో రాయండి. డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, వాడిన మందుల చీటీలు పారేయకండి.

అపోహ: సంతకం పెడితే బాండ్ రాసిచ్చినట్టే

కాదు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, బయటికి రావచ్చు. మీకు రావాల్సిన మామూలు వైద్యం ఆగకూడదు. ఒక్క జాగ్రత్త: మూర్ఛ మందులు, స్టెరాయిడ్లు లాంటివి మీ అంతట మీరు ఠక్కున ఆపకండి, డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

అంగీకార పత్రం తెలుగులో అడగండి, అది మీ హక్కు. చదవడం రానివారికి ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర వేయించాలి. సంతకమైన కాపీ ఒకటి మీ చేతికి రావాలి, “తర్వాత ఇస్తాం” అంటే ఒప్పుకోవద్దు. అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి. ఆ కమిటీలో కనీసం ఏడుగురుంటారు, కనీసం సగం మంది ఆ సంస్థకు బయటివారు. డాక్టర్లతో పాటు ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్య పౌరుడు, కనీసం ఒక మహిళ ఉండి తీరాలి. ఫిర్యాదు చేయాల్సింది వీళ్లకే.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. ఏడేళ్లు దాటిన పిల్లల నుంచి నోటిమాటగా, పన్నెండు దాటినవాళ్ల నుంచి రాతలో ఒప్పుకోలు తీసుకోవాలి.

అపోహ: ట్రయల్స్ అంటే డబ్బులొచ్చే పని

ఇది రోగుల ట్రయల్స్‌నూ, జెనరిక్ బిళ్ల అసలు కంపెనీ బిళ్లలాగే ఒంట్లోకి చేరుతోందా అని చూసే బయోఈక్వివలెన్స్ పరీక్షలనూ కలగలిపి చూడటం వల్ల వచ్చిన మాట. జెనరిక్ మందుల కంపెనీలు ఎక్కువున్న హైదరాబాద్ చుట్టుపక్కల రెండోవి బాగా జరుగుతాయి. ఆరోగ్యవంతుడు కనీసం పది గంటలు పస్తుండి, 240 మిల్లీలీటర్ల నీళ్లతో బిళ్ల మింగుతాడు. గంటల తరబడి రక్తం తీస్తారు. కొంత ఎడం ఇచ్చి రెండో కంపెనీ బిళ్లతో మళ్లీ అదే తంతు. పోయిన సమయానికి డబ్బిస్తారు. ప్రమాదం ఎక్కడంటే, ఒక ల్యాబ్ నుంచి బయటికొచ్చి వారం తిరక్కుండా పేరు దాచి ఇంకో ల్యాబ్‌కు పోవడంలో. మొదటి మందు ఒంట్లో ఇంకా ఉండొచ్చు, హిమోగ్లోబిన్ పడిపోతుంది. మామూలుగా మూడు నెలల ఎడం అడిగేది అందుకే.

రోగుల ట్రయల్స్‌లో సాధారణంగా దారి ఖర్చులు, పోయిన కూలి మాత్రమే ఇస్తారు. పరీక్షిస్తున్న మందుకు, దానికోసమే చేసే టెస్టులకు మీ దగ్గర పైసా తీసుకోకూడదు. “స్టెమ్ సెల్స్ ట్రయల్, మూడు లక్షలవుతుంది” అని ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అపోహ: రిజిస్ట్రేషన్ నంబరుంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టే

సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నంబరు ఉండాలి, కానీ అది పుట్టిన తేదీ పత్రం లాంటిది, మంచి నడత పత్రం కాదు. వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి నాలుగు విషయాలు చూడండి. మొదటి మనిషి చేరకముందే రిజిస్టర్ అయిందా. ఎథిక్స్ కమిటీ అనుమతి, దేశ ఔషధ నియంత్రణాధికారి (డీసీజీఐ) అనుమతి వచ్చాయా. మిమ్మల్ని అడిగిన ఆసుపత్రి పేరు జాబితాలో ఉందా. చేరికలు ఇంకా జరుగుతున్నాయా.

అపోహ: ఇదంతా కంపెనీల లాభానికే

1956లో మద్రాసులో ఒక ట్రయల్ మొదలైంది. క్షయ వచ్చిన పేదలు 193 మందిలో కొందరిని శానటోరియంలో, కొందరిని ఇంట్లోనే ఉంచి అవే మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇంటి వైద్యం దాదాపు అంతే బాగా పనిచేసింది, ఇంట్లోవాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. మదనపల్లె ఆరోగ్యవరం శానటోరియం లాంటి చోట్ల మంచం కోసం ఎదురుచూసే రోజులు పోవడానికి దారి వేసిన ట్రయల్స్‌లో అది ముఖ్యమైనది. జార్ఖండ్‌లో 2019లో మొదలైన మరో ట్రయల్‌లో పరీక్షించింది తిండిని. క్షయ రోగుల ఇంట్లోవాళ్లకు నెలనెలా అదనపు రేషన్ ఇస్తే కొత్త కేసులు 39 శాతం తగ్గాయి. రేషన్ బియ్యానికి పేటెంటు లేదు కదా.

అపోహ: ట్రయల్ అయ్యాక మందు ఎలాగూ ఇస్తూనే ఉంటారు

అన్నిసార్లూ ఇవ్వరు. ఆ జబ్బుకు వేరే చికిత్స లేకపోవాలి, మీకు మేలు జరిగిందని డాక్టరు సిఫార్సు చేయాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, మీరు రాతపూర్వకంగా సమ్మతించాలి. అప్పుడు కంపెనీ ఉచితంగా ఇవ్వాలి. ఈ రాతపని చివరి విజిట్‌కు చాలా ముందే మొదలుపెట్టించండి. ఆ విజిట్‌లో మిగిలిన బిళ్లలనూ ఖాళీ స్ట్రిప్పులనూ లెక్కపెట్టి వెనక్కి తీసేసుకుంటారు.