నీతిశాస్త్రం చదవడం: అపోహలు - వాస్తవాలు

నీతిశాస్త్రాన్ని చిన్న పాఠాల ద్వారా బోధించడం నా పని. నాలుగైదు పేజీలకు మించని మూలపాఠాన్ని అందరం కలిసి పైకి చదువుకున్న తరవాతే చర్చ మొదలుపెడతాం. కొత్తగా చేరేవారిలో తరచుగా కనిపించే మూడు అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: ట్రాలీ సమస్య అంటే ఒకరి ప్రాణమా, ఐదుగురి ప్రాణాలా అన్న లెక్క.

వాస్తవం: 1967లో బ్రిటిష్ తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ రాసిన వ్యాసంలో ఆ ట్రాలీ (అంటే ట్రాము) ఉదాహరణ ఒంటరిగా లేదు. అదుపు తప్పిన ట్రామును నడిపే మనిషి, ఐదుగురు పనివాళ్ళున్న పట్టాల మీది నుంచి ఒక్కడే ఉన్న పట్టాల మీదికి దాన్ని మళ్ళించవచ్చునని మనలో చాలామందిమి ఒప్పుకుంటాం. దాని పక్కనే ఆమె ఒక న్యాయమూర్తిని నిలబెట్టింది. అసలు నేరస్థుడు దొరకలేదు. ఎవరినో ఒకరిని శిక్షించకపోతే ఒక వర్గంపై పగ తీర్చుకుంటామని అల్లరిమూక బెదిరిస్తోంది. నిర్దోషి ఒకణ్ణి ఇరికిస్తే పలువురి ప్రాణాలు దక్కుతాయి. రెండుచోట్లా లెక్క ఒకటే అయినప్పుడు రెండోదాన్ని మనం ఎందుకు సహించలేమన్నదే ఆమె ప్రశ్న. హాని చేయకూడదన్న బాధ్యత సాయం చేయాలన్న బాధ్యత కన్నా బలమైనదని ఆమె సమాధానం: ట్రాము ఎటు తిరిగినా హాని చేసేది నడిపేవాడే కనుక అతను తక్కువ హానిని ఎంచుకుంటాడు, న్యాయమూర్తి మాత్రం కొందరిని కాపాడడానికి మరొకరికి తానే హాని తలపెట్టాలి. వంతెన మీది లావుపాటి మనిషిని కిందికి తోసి ట్రామును ఆపి ఐదుగురిని కాపాడవచ్చునా అన్న, అందరికీ గుర్తుండే ఉదాహరణ 1976లో అమెరికన్ తత్వవేత్త జూడిత్ జార్విస్ థామ్సన్ వ్యాసంతో వచ్చింది. న్యాయమూర్తిని వదిలేసి ట్రామును మాత్రమే బోధించడం ఫుట్‌కు అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం.

అపోహ: ఇవి పాశ్చాత్యుల ప్రశ్నలు, మనవి కావు.

వాస్తవం: మిత్రుణ్ణి వెతుక్కుంటూ హంతకుడు గుమ్మంలోకి వచ్చి అడిగినా అబద్ధమాడరాదని జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో వాదించాడు. మహాభారత కర్ణపర్వంలో, దొంగలకు వెరచి అడవిలో దాగినవారి జాడను ఆ దొంగలకే ఉన్నదున్నట్టు చెప్పిన, సత్యవ్రతుడైన కౌశికుడు నరకానికి పోయాడని కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. ఇక పోతన భాగవతంలో, ఏయే సందర్భాల్లో బొంకినా పాపం లేదో శుక్రాచార్యుడు వివరించినా బలి మాట తప్పలేదు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదివితే కాంట్‌లో తేలిగ్గా కనబడనిది ఒకటి కనబడుతుంది: బలి సత్యానికి మూల్యం చెల్లించినవాడు బలే, కౌశికుడి సత్యానికి మూల్యం చెల్లించినవారు వేరే మనుషులు.

అపోహ: తుది సమాధానం ఉండదు కనుక ఎవరి అభిప్రాయం వారిది.

వాస్తవం: ప్లేటో రాసిన ఒక సంభాషణలో, కన్నతండ్రి మీదే హత్యాభియోగం తెచ్చిన యూథిఫ్రో, దేవతలకు ఇష్టమైనదే పుణ్యమని ధీమాగా అంటాడు. దేవతల్లోనే భేదాభిప్రాయాలున్నప్పుడు ఒకే పని పుణ్యమూ పాపమూ కావలసి వస్తుందని సోక్రటీసు చూపిస్తే, యూథిఫ్రో కాదనలేకపోయాడు. పుణ్యమంటే ఏమిటో చివరిదాకా తేలలేదు గాని, అది ఏది కాదో తేలింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదామని సోక్రటీసు అన్నప్పుడు యూథిఫ్రో తొందర పనుందని వెళ్ళిపోతాడు. మేము అక్కడ ఆగి, అప్పటిదాకా అతను ఒప్పుకున్న మాటలన్నీ వరసగా బోర్డు మీద రాసుకుంటాం.