అరచేతి తడి, పార కామ పట్టు

అనంతపురం జిల్లాలో ఎండిన ఎర్రనేలను తవ్వడానికి దిగిన మనిషి ముందుగా అరచేతుల్లో ఉమ్ముకుని, రెండు చేతులూ రుద్దుకుని, ఆ తర్వాతే పార కామ పట్టుకుంటాడు. చూసేవారికి ఇది మొరటు అలవాటుగా తోచవచ్చు గానీ, చేతికి పట్టు ఎలా చిక్కుతుందన్న ప్రశ్నకు జవాబులో సగం అందులోనే ఉంది.

అరచేతి చర్మపు పైపొర కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌తో నిండి ఉంటుంది. అది పొడిగా ఉన్నప్పుడు బిరుసెక్కి, కర్ర ఉపరితలంలోని ఎత్తుపల్లాలలో ఎత్తుల మీద మాత్రమే ఆనుతుంది. కాస్త తడి తగిలితే మెత్తబడి పల్లాల్లోకి కూడా ఒదుగుతుంది కాబట్టి, చర్మమూ కర్రా నిజంగా కలిసే వైశాల్యం పెరిగి ఘర్షణ పెరుగుతుంది. తడి మరీ ఎక్కువైతే మాత్రం రెండింటి మధ్య నీటి పొర ఏర్పడి చేయి జారుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో, పొడిగాలికి ఆరిపోయిన అరచేతులకు ఆ కాస్త తడే కావాలి. ఉమ్మి వదిలేయకుండా రుద్దుకోవడం దాన్ని పలుచగా పరచడానికే.

ఈ తడిని సరిచూసే ఏర్పాటు చర్మంలోనే ఉంది. వేలిముద్రల గీతలు టైరు గాడుల్లాగా ఘర్షణను పెంచుతాయని చాలాకాలం అనుకున్నారు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో నునుపైన పలక మీద కొలిచి చూస్తే, గీతల వల్ల ఆనే వైశాల్యం తగ్గుతోందని తేలింది. మరి అవి ఎందుకు? 2020లో వెలువడిన మరో పరిశోధన దీనికి మంచి వివరణ ఇచ్చింది: గట్ల మీద ఉన్న స్వేద రంధ్రాలు చర్మానికి చెమ్మ అందిస్తే, గట్ల నడుమ ఉన్న చాళ్లు ఎక్కువైన నీటిని లాగి ఆవిరి కానిస్తాయి. తడి తక్కువైనా ఎక్కువైనా చర్మం మళ్లీ మేలైన స్థితికి చేరుకునేలా ఈ రెండూ కలిసి పనిచేస్తాయన్నమాట.

ఇక బలం సంగతి. పిడికిలి బిగించి మోచేతి కింది భాగాన్ని రెండో చేత్తో తాకి చూస్తే అక్కడి కండరాలు గట్టిపడటం తెలుస్తుంది. వేళ్లను ముడిచే ప్రధాన కండరాలు ముంజేతిలో ఉండి, పొడవైన స్నాయువుల ద్వారా వేళ్లను లాగుతాయి. మణికట్టును పూర్తిగా లోపలికి వంచితే పిడికిలి బిగువు సడలిపోతుంది, ఎందుకంటే ఆ కండరాలు అప్పటికే కురచబడి ఇక లాగలేవు. 1956లో బ్రిటిష్ వైద్యుడు జాన్ నేపియర్ చేతి పట్టును రెండుగా విడదీశాడు: వేళ్లూ అరచేయీ కలిసి బిగించే బలమైన పట్టు ఒకటి, బొటనవేలికీ వేలికొసలకూ నడుమ నిలిచే సున్నితమైన పట్టు ఒకటి. వేరుశనగ కట్టె పీకడం మొదటిది, బుడ్డలు ఒలవడం రెండవది. వస్తువు ఆకారం కంటే చేసే పనే పట్టును నిర్ణయిస్తుందన్నది నేపియర్ చెప్పిన అసలు మాట.

నాకు వీటన్నిటికంటే అద్భుతంగా తోచేది స్పర్శ పాత్ర. ఒక మనిషి అరచేతిలో, వేళ్లలో ఒత్తిడినీ కంపనాన్నీ చర్మం సాగడాన్నీ పసిగట్టే నాడీ తంతువులు సుమారు 17,000 ఉంటాయి. స్వీడన్ శాస్త్రవేత్తలు రోలండ్ జోహాన్సన్, యోరాన్ వెస్ట్‌లింగ్ 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో, మనిషి ఏ వస్తువునైనా అది జారిపోకుండా ఉండటానికి కావలసిన బలం కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ బలంతో పట్టుకుంటాడని, నునుపైనదైతే బిగువు పెంచుతాడని, గరుకైనదైతే తగ్గిస్తాడని చూపించారు. వస్తువు ఇసుమంత జారగానే సెకనులో పదో వంతు కంటే తక్కువ వ్యవధిలో, మనం తలచుకోకముందే, వేళ్లు బిగుసుకుంటాయి. వేలికొసలకు మత్తు ఇస్తే ఈ సర్దుబాటు చెడిపోతుంది. మధుమేహం ముదిరి వేళ్లు తిమ్మిరెక్కినవారు గ్లాసును అవసరానికి మించి బిగించడమో చేజార్చడమో చేస్తే, దానికి కారణం బలహీనత ఒక్కటే అనుకోకూడదు.

యర్రగుంట్ల, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పనిలో ఈ విషయం గుర్తుంచుకోవాలి. మందపాటి తొడుగు వేసుకున్న చేతికి స్పర్శ మందగిస్తుంది, దాంతో అదే బండను మరింత గట్టిగా పట్టాల్సి వచ్చి ముంజేతి కండరాలు త్వరగా అలసిపోతాయి. కూలీలు తొడుగులు తీసేసి పనిచేస్తే అజాగ్రత్త అని మందలించడం నా దృష్టిలో న్యాయం కాదు. చేతికి సరిపోయే కొలతలో, పలుచని అల్లిక మీద అరచేతి వైపు మాత్రమే రబ్బరు పూత ఉన్న తొడుగులు దొరుకుతున్నాయి. బండ అంచు కోసుకోకుండా కాపాడుతూనే అవి వేళ్లకు స్పర్శను చాలావరకు మిగులుస్తాయి.