గడువు తీరిన ఉద్యోగం, తీరని ప్రసూతి హక్కు

ఢిల్లీలోని జనక్‌పురి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో ఒక సీనియర్ రెసిడెంట్ డాక్టర్ 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగారు. ఏడాదికోసారి పొడిగిస్తూ వచ్చిన ఆమె కాంట్రాక్టుకు జూన్ 11తో మూడేళ్లు నిండుతాయి. ఆపైన పొడిగించే వీలు నిబంధనల్లో లేదు. చట్టం చెప్పే సెలవు 26 వారాలు. ఆమెకు ఇచ్చింది 11 రోజులు. కాంట్రాక్టు ముగిశాక ఉద్యోగమే లేదు, ఉద్యోగం లేనివారికి సెలవేమిటన్నది అధికారుల లెక్క. కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ (క్యాట్) ఆ లెక్కను ఒప్పుకుంది, ఢిల్లీ హైకోర్టూ ఒప్పుకుంది. 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

ఆ తీర్పు వచ్చాక కాంట్రాక్టు ఉద్యోగినులకూ మెటర్నిటీ లీవ్ వచ్చేసిందని చాలామంది రాశారు. నిజానికి ఆ హక్కు అంతకు ముందూ ఉంది. దాన్ని ఎగ్గొట్టే దారులూ ఉన్నాయి. వాటికి మూలం వెతికితే సమస్య కాంట్రాక్టు కాగితంలో కన్నా సెలవు కాలపు జీతం బిల్లు ఎవరి పేరున వస్తోందన్న దగ్గర కనిపిస్తుంది. ఆ బిల్లుకు వందేళ్ల చరిత్ర ఉంది.

1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి మహాసభ జరిగింది. అక్కడ చేసిన మూడో ఒప్పందం ప్రసూతి రక్షణ మీదే. కాన్పుకు ముందు ఆరు వారాలు సెలవు తీసుకునే హక్కు, తర్వాత ఆరు వారాలు పనిలోకి రానివ్వకపోవడం, ఆ కాలానికి భృతి. ఆ భృతి ప్రభుత్వ నిధుల నుంచో బీమా పథకం నుంచో రావాలని అందులోనే రాశారు. 1952లో ఒప్పందాన్ని సవరించినప్పుడు ఇంకా తేటగా చెప్పారు: ఈ ఖర్చుకు యజమానిని వ్యక్తిగతంగా బాధ్యుణ్ణి చేయకూడదు. యజమాని మీద దయతో రాసిన మాట కాదిది. ఖర్చు ఒక్కడి నెత్తిన పడితే అతను ఆడవాళ్లను పనిలో పెట్టుకోవడమే మానేస్తాడన్న భయంతో రాసింది.

మన దగ్గర మొదటి చట్టం బొంబాయి ప్రెసిడెన్సీలో వచ్చింది. ఆర్.ఎస్. అసవాలే పెట్టిన ప్రసూతి చట్టం బిల్లు మీద 1928 జులై 28న బొంబాయి శాసన మండలిలో అంబేడ్కర్ మాట్లాడారు. ప్రసవానికి ముందూ వెనుకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికి మేలని చెబుతూ, ప్రజల సంక్షేమం ప్రధానంగా ప్రభుత్వం చూసుకోవలసింది గనుక ఈ భారంలో పెద్ద వాటా ప్రభుత్వానిదే కావాలని ఒప్పుకున్నారు. అలాగని ఆమె శ్రమతో లాభపడే యజమానికి బాధ్యత లేకుండా పోదన్నారు. 1929లో చట్టం వచ్చింది. మధ్య పరగణాలు 1930లో, కోస్తా, రాయలసీమ అప్పుడు భాగంగా ఉన్న మద్రాసు 1934లో అదే బాట పట్టాయి. 1941లో గని కార్మికురాళ్లకు కేంద్ర చట్టం వచ్చింది. చిత్రమేమిటంటే అంబేడ్కర్ వాదనలోని రెండో సగమే వీటిలోకి ఎక్కింది. యజమాని కట్టాలన్నది మిగిలింది, ప్రభుత్వ వాటా జారిపోయింది.

1948 నాటి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టం మాత్రం బీమా దారి పట్టింది. ఉద్యోగి కొంత, యజమాని కొంత నెలనెలా కడతారు. ఎవరు గర్భవతి అయినా డబ్బు నిధి నుంచే వస్తుంది. ఇది అందరికీ విస్తరించి ఉంటే ఈ కథనంలో సగం రాయనక్కర లేకపోయేది. కానీ ఈఎస్ఐకి జీతం పరిమితి ఉంది. 2017 జనవరి నుంచి అది నెలకు రూ.21,000. దాని పైన ఉన్నవారికీ, ఈఎస్ఐ వర్తించని సంస్థల్లో ఉన్నవారికీ 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమే దిక్కయింది. ఆ చట్టంలో బిల్లు మొత్తం యజమానిదే.

బిల్లు యజమానిదైతే, నిన్న చేరిన మనిషికి నేనెందుకు కట్టాలని అతను అడుగుతాడు. దానికి జవాబుగా పెట్టిందే అర్హత రోజుల నిబంధన. కాన్పు తేదీగా డాక్టరు చెప్పిన రోజుకు ముందు 12 నెలల్లో కనీసం 160 రోజులు ఆ యజమాని దగ్గర పనిచేసి ఉండాలని 1961 చట్టం పెట్టింది. దానికో మినహాయింపూ పెట్టింది, ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. గర్భంతో ఉండగా అస్సాంకు వలస వచ్చిన స్త్రీకి ఈ రోజుల లెక్క వర్తించదని అందులో రాశారు. తేయాకు తోటలకు కూలీలను ఎక్కడెక్కడి నుంచో తరలించిన కాలపు ఆనవాలు అది. కొత్త పనిలోకి గర్భంతోనే వచ్చే ఆడమనిషి ఉంటుందని, ఆమెను రోజుల లెక్కతో వదిలేయడం న్యాయం కాదని చట్టం రాసినవాళ్లకు తెలుసు. తెలిసీ ఆ ఊరట ఒక్క రాష్ట్రం దగ్గరే ఆపేశారు.

1988 సవరణతో 160 రోజులు 80 అయ్యాయి. కొత్తగా చేరినవారికి ఈ చట్టంలో అన్నిటికన్నా పనికొచ్చే మార్పు ఇదే అంటాను. రెండు నెలల గర్భంతో ఉద్యోగంలో చేరిన మనిషికి కాన్పు నాటికి ఇంకా ఏడు నెలలు ఉంటాయి. 80 రోజులు అందులో సులువుగా పూర్తవుతాయి. జీతంతో కూడిన సెలవు దినాలు, లేఆఫ్ (పని లేక యాజమాన్యమే తాత్కాలికంగా ఆపిన) రోజులు కూడా లెక్కలోకి వస్తాయి. చేరే నాటికి గర్భం ఉండకూడదని చట్టం ఎక్కడా అనలేదు. అయినా 'చేరేటప్పుడు చెప్పలేదు కాబట్టి నీకు రాదు' అనే మాట ఆఫీసుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ మాట వెనుక కూడా చరిత్ర ఉంది. జీవిత బీమా సంస్థలో ఒకామె 1989లో అసిస్టెంటుగా చేరి ప్రొబేషన్‌లో ఉండగానే ప్రసూతి సెలవు పెట్టారు. కాన్పయి తిరిగొచ్చే సరికి ఉద్యోగం తీసేశారు. చేరేటప్పుడు నింపిన డిక్లరేషన్‌లో తప్పు తేదీ రాశారన్నది సంస్థ ఆరోపణ. ఏ తేదీ? చివరిసారి నెలసరి వచ్చిన తేదీ. నెలసరి క్రమంగా వస్తుందా, ఎన్నిసార్లు గర్భం దాల్చారు అన్న గడులూ ఆ ఫారంలో ఉన్నాయి. 1991 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఆమెను మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ గడులు తీసేయమంది. అసలు తప్పు అలాంటి ప్రశ్నలు అడగడంలో ఉందని తేల్చింది. దానికి పదేళ్ల ముందే, 1981లో, మొదటి గర్భంతోనే ఎయిర్‌హోస్టెస్‌లను ఇంటికి పంపే నిబంధనను అదే కోర్టు కొట్టేసింది. ఇన్ని జరిగాక కూడా 2021 డిసెంబరు 31న స్టేట్ బ్యాంక్ ఇచ్చిన సర్క్యులర్‌లో, మూడు నెలలు దాటిన గర్భిణి కొత్త నియామకానికి తాత్కాలికంగా అనర్హురాలని ఉంది. గొడవయ్యాక 2022 జనవరి చివర్లో వెనక్కి తీసుకున్నారు. మహానగరపు బ్యాంకు ఉద్యోగానికే ఇలా ఉంటే, ఇంటర్వ్యూలో నోటిమాటగా అడిగి, కాగితం మీద ఏమీ మిగల్చని చిన్న కంపెనీల సంగతి ఎవరు చూస్తారు?

ఇక రోజుల లెక్క. ఆ లెక్క మీద కూడా కోర్టులకు వెళ్లక తప్పలేదు. తమిళనాడులో ఒక తోట కార్మికురాలికి యాజమాన్యం ఆదివారాలు తీసేసి ప్రసూతి భృతి కట్టింది. జీతం లేని రోజుకు భృతి ఎందుకన్నారు. వారం అంటే ఏడు రోజులని 1977లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

పెద్ద మలుపు 2000లో. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ (రోజువారీ హాజరు పట్టీ) మీద రోజుకూలీకి పెట్టుకున్న స్త్రీలు రోడ్లు వేస్తారు, కందకాలు తవ్వుతారు. వీళ్లలో కొందరు ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నారు. ప్రసూతి సెలవు రెగ్యులర్ ఉద్యోగినులకే అంది కార్పొరేషన్. చట్టంలో ఆ మాట ఎక్కడుందో చూపమంది సుప్రీంకోర్టు. మార్చి 8న తీర్పు వచ్చింది. ఆ తర్వాత, రెగ్యులర్ కాదు గనుక హక్కు లేదన్న వాదనకు చట్టపరంగా నిలువ నీడ లేదు. జనక్‌పురి డాక్టరు విషయంలో అధికారులు ఆ వాదన చేయలేదు కూడా. వాళ్లు పట్టుకున్నది తేదీని.

తేదీకి అంత బలం 1984లో వచ్చింది. పారిశ్రామిక వివాదాల చట్టానికి ఆ ఏడాది చేసిన సవరణ ప్రకారం, గడువు ముగిసి కాంట్రాక్టును రెన్యువల్ చేయకపోతే అది ఉద్యోగం తీసివేత, అంటే రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. నోటీసు అక్కర్లేదు, పరిహారం అక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. ప్రసూతి సెలవులో ఉన్నామెను తీసేయడం నేరం, కానీ తీసేయకుండా ఊరుకుంటే ఆమే వెళ్లిపోతుంది. పదకొండు నెలల కాంట్రాక్టులు, మధ్యలో ఒకటి రెండు రోజుల విరామం, మళ్లీ కొత్త ఆర్డరు అనే పద్ధతి ప్రభుత్వ శాఖల్లోనే ఎంతగా పాతుకుపోయిందో తెలుగు రాష్ట్రాల్లో కాంట్రాక్టు ఉద్యోగి ఉన్న ఏ ఇంటినడిగినా చెబుతారు. ఫిక్స్‌డ్ టర్మ్ (ముందే గడువు రాసి పెట్టుకునే) ఉద్యోగాన్ని 2016లో దుస్తుల తయారీ రంగానికీ, 2018 మార్చిలో అన్ని రంగాలకూ కేంద్రం అనుమతించింది. పర్మినెంట్ కార్మికులకిచ్చే పని గంటలు, జీతం, ప్రయోజనాలు వీళ్లకూ ఇవ్వాలన్న షరతు ఉంది, సరే. గడువు తేదీ మాత్రం గడువు తేదీయే.

2016, 2018 నాటి ఈ రెండు అనుమతుల మధ్యలో, 2017లో, సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. మొదటి ఇద్దరు పిల్లలకు 26, ఆపైన 12. నియామకం నాడే ఈ ప్రయోజనాల గురించి ప్రతి మహిళకూ రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా ఆ సవరణలో ఉంది. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌తో పాటు ఆ కాగితం వచ్చిందేమో ఒకసారి చూసుకోండి. సెలవు రెట్టింపు దాటింది, బిల్లూ రెట్టింపు దాటింది, కట్టేవాడు మారలేదు. ఏడు వారాల జీతం యజమానులకు తిరిగి ఇచ్చే ప్రతిపాదన ఉందని 2018 నవంబరులో కార్మిక శాఖ ప్రకటించింది. సెలవు పెరిగాక ఆడవాళ్లను తీసుకోవడానికి కంపెనీలు వెనకాడుతున్నాయన్న ఫిర్యాదులే దానికి కారణం. 1919లో భయపడింది దీనికే కదా.

ఈ నేపథ్యంలో చూస్తే 2023 తీర్పు ఏం చేసిందో అర్థమవుతుంది. గర్భంతో ఉన్న కాలంలో ఎప్పుడు ఉద్యోగం నుంచి తప్పించినా, తప్పించకుండా ఉంటే వచ్చి ఉండే ప్రసూతి ప్రయోజనం పోదని 1961 చట్టం 12వ సెక్షన్ మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. అంటే ఉద్యోగం పోయాక కూడా భృతి ఇవ్వవలసిన సందర్భాన్ని చట్టమే ఊహించింది. 80 రోజుల షరతు తప్ప ఉద్యోగ కాలంతో ఈ హక్కుకు ముడి లేదు. చట్టానికి విరుద్ధంగా కాంట్రాక్టులో ఏం రాసుకున్నా 27వ సెక్షన్ ముందు నిలవదు. ఈ మూడూ కలిపి, కాంట్రాక్టు గడువు దాటినా పూర్తి ప్రయోజనం లెక్కగట్టి మూడు నెలల్లో చెల్లించమంది ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం. బిడ్డకు ఆరేళ్లు వచ్చాక.

అయితే ఆమెకు కోర్టు ఇప్పించింది డబ్బు. ఆమె కాంట్రాక్టు ఎలాగూ పొడిగించే వీలు లేనిది కాబట్టి ఉద్యోగం ప్రశ్న అక్కడ రాలేదు. పొడిగించే వీలుండి, అందరికీ పొడిగించి, గర్భిణికి మాత్రం పొడిగించకపోతే?

యూరోపియన్ యూనియన్ న్యాయస్థానానికి ఈ ప్రశ్న 2001లోనే వెళ్లింది. అక్టోబరు 4న ఒకే రోజు రెండు తీర్పులు వచ్చాయి. డెన్మార్క్‌లో ఒక టెలికం సంస్థ 1995 జులై నుంచి ఆరు నెలలకు ఒకామెను తీసుకుంది. మొదటి రెండు నెలలు శిక్షణే. ఆగస్టులో ఆమె తను గర్భవతినని, నవంబరు మొదట్లో కాన్పని చెప్పారు. చేరేటప్పుడే తెలిసీ దాచారని తీసేశారు. సంస్థ వైపు నుంచి ఇంతకన్నా గట్టి కేసు దొరకదు: చిన్న గడువు, శిక్షణ ఖర్చు, పనికి మిగిలేది కొద్ది వారాలు. అయినా తొలగింపు చెల్లదంది కోర్టు. గర్భం సంగతి చెప్పనక్కర్లేదని, రక్షణకు గడువుతో సంబంధం లేదని చెప్పింది. స్పెయిన్‌లోని ఒక మున్సిపాలిటీ కేసులో ఇంకో మెట్టు ఎక్కింది. గడువు తీరాక రెన్యువల్ చేయకపోవడం తొలగింపు కాదు, కానీ గర్భమే కారణంగా చేయకపోతే అది నేరుగా లింగ వివక్ష.

మన చట్టంలో అంత సూటి వాక్యం లేదు. ప్రభుత్వ సంస్థ మీదైతే రాజ్యాంగం 14, 15, 16 అధికరణాలు పట్టుకుని హైకోర్టుకు వెళ్లవచ్చు. ప్రైవేటు యజమాని మీద ఆ దారి ఇరుకు. పైగా రెన్యువల్ ఎందుకు చేయలేదో చెప్పే బాధ్యత అతనికి లేనప్పుడు, గర్భమే కారణమని ఆమే నిరూపించుకోవాలి. ఉద్యోగం తీసేసింది గర్భం వల్ల కాదని నిరూపించే భారం యజమానిదేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం అంటుంది. భారత్ దాన్ని ఆమోదించలేదు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది. 1961 చట్టంలోని 80 రోజులు, 26 వారాలు సామాజిక భద్రతా కోడ్‌లోకి యథాతథంగా వచ్చాయి. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది, ఇది నిజంగా లాభమే. గడువు ముగియడం రిట్రెంచ్‌మెంట్ కాదన్న 1984 నాటి మాట పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగుతోంది. ఈఎస్ఐలో ఉన్న స్త్రీకి యజమాని మారినా బీమా నంబరు మారదు, ముందు కట్టిన చందా రోజులు పోవు. మొదటిసారి ఈఎస్ఐలోకి వచ్చినవారు కొన్ని నెలలు ఆగాలన్న ఇబ్బంది ఉన్నా, కాంట్రాక్టు నుంచి కాంట్రాక్టుకు మారే మనిషికి ఇంతకన్నా నప్పే ఏర్పాటు మన చట్టాల్లో మరొకటి లేదు. రూ.21,000 దాటి ఒక్క రూపాయి ఎక్కువ జీతంతో కొత్తగా చేరిన ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగిని మాత్రం మొదటి 80 రోజులకు ఎవరి లెక్కలోకీ రాదు.