గుడ్డు అడిగితే ఫ్రెంచి రాదంది

కొందరు వర్తకులు ఓడెక్కి థేమ్స్ నది మీదుగా సముద్రం దాటి నెదర్లాండ్స్‌లోని జీలాండ్ పోదామని బయల్దేరారు. గాలి పడిపోయింది. తెరచాప ఓడ, చేసేదేముంది? తీరాన ఆగి ఒడ్డుకు దిగారు. వాళ్లలో షెఫీల్డ్ అనే బట్టల వర్తకుడు ఒక ఇంటికెళ్లి తినడానికేమైనా పెట్టమన్నాడు, ముఖ్యంగా ‘ఎగ్స్’ కావాలన్నాడు. ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదంది. అతనికి ఒళ్లు మండింది. ఫ్రెంచి అతనికీ రాదు మరి! చివరికి ఇంకొకతను ‘ఐరెన్’ కావాలంటే, అదీ సంగతి, ఇప్పుడర్థమైందంది.

ఈ ముచ్చట చెప్పినవాడు విలియం కాక్స్టన్. 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టి, ఇంగ్లండులో పుస్తకాల ముద్రణకు శ్రీకారం చుట్టింది ఆయనే. 1490లో అచ్చేసిన ‘ఎనీడోస్’ అనే పుస్తకం ముందుమాటలో ఈ కథ చెప్పి, ఈ రోజుల్లో మనిషన్నవాడు ఏం రాయాలి, ఎగ్సా, ఐరెనా అని వాపోయాడు. అసలు తమాషా వేరే ఉంది. అదే పేరాలో ఆయన ఎగ్స్‌ని ఒకచోట ఈ, జీ, జీ, వై, ఎస్ అనీ, రెండు వాక్యాలు దాటేసరికి వై తీసేసి ఈ పెట్టీ అచ్చేశాడు. పాపం, ఆయన బెంగ ఏ మాట రాయాలన్నదే, దాని స్పెల్లింగ్ గురించి కాదు.

ఐరెన్ పాత ఇంగ్లిషు సొంత సరుకు. పూర్వం ఒక్క గుడ్డును ‘ఆయ్’కీ ‘ఏయ్’కీ మధ్యగా పలికేవారు, మనం ఎవరినో కేకేసినట్టు. జర్మన్లు ఇప్పటికీ గుడ్డును ‘ఐ’ అనే అంటారు. ‘ఎగ్’ మాత్రం 9వ శతాబ్దంలో ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన వైకింగుల, అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్ల, నోటి మాట. రెంటికీ తల్లివేరు ఒకటే. వైకింగుల భాషలో ఆ మూలపదంలోని ‘య’ గట్టిపడి ‘గ’ అయింది, అంతే. ఉత్తరాది మాట మెల్లగా దక్షిణానికి పాకింది. 16వ శతాబ్దంలో ఐరెన్ వాడుకలోంచి జారిపోయింది.

మరి ‘ఎగ్’కి రెండు జీలెందుకు? పలకడానికి ఒకటి చాలు. మొదట్లో చివర ఒక ఈ కూడా ఉండేది. అది పోయినా జీ జంట విడిపోలేదు. ఇంగ్లిషులో ‘ఇన్’, ‘ఆఫ్’ లాంటి చిల్లర మాటలకు రెండక్షరాలు చాలుగానీ, అర్థబరువున్న మాటకు కనీసం మూడు ఉండాలన్నది రాయని కట్టుబాటు. కూడడమనే యాడ్, బేసి అనే ఆడ్, బస చేసే ఇన్, అన్నిట్లోనూ చివరి అక్షరం జంటే. ‘గో’, ‘ఆక్స్’ లాంటివి దీన్ని లెక్కచేయవనుకోండి. మన గ్రుడ్డు ఎదురుదారి పట్టింది. నోటిలో ఎప్పుడో జారిపోయిన క్రావడిని రాతలోనూ వదిలేసి గుడ్డయింది.

ఇంతకీ ఆ పాత ‘ఎయ్’ పూర్తిగా చావలేదు. వంకరటింకరగా ఉన్న చిన్న గుడ్డును అప్పట్లో వేళాకోళంగా ‘కోకెనెయ్’ అనేవారు, అంటే కోడిపుంజు పెట్టిన గుడ్డు. ఆ పేరు గారాబం చేసి పెంచిన పిల్లాడికి వచ్చింది, తర్వాత ఒళ్లు వంచని పట్నంవాడికి, ఆఖరికి అచ్చమైన లండన్‌వాడికి. ఇవాళ్టి ‘కాక్నీ’ అదే.